బీకరూ బకెట్టూ

మనవరాలు పదో తరగతి ముగించింది. ఇంటర్ మొదలయ్యేలోపు కెమిస్ట్రీకి పునాది వేయాలట, వేసవి సెలవులు అందులోనే పూడ్చేశారు. ఈ పొద్దున వసారాలో గట్టిగా చదువుతోంది: "ఆమ్లాన్ని నీటిలో కొద్దికొద్దిగా కలపాలి. నీటిని ఆమ్లంలో పోయరాదు, చిమ్ముతుంది."

కాఫీ తాగుతున్న మా తమ్ముడు గ్లాసు దించాడు. కుర్రతనంలో, విత్తబోయే పత్తి గింజల నూగు పోవడానికి బకెట్లో యాసిడ్ పోసి కలుపుతూ, చిక్కగా ఉందని నీళ్లు గుమ్మరించాడు. కుడికన్ను పోయింది. కల్తీ సరుకు అంటగట్టాడని ఆ యాసిడ్ అమ్మిన కొట్టాయన్ని ఇప్పటికీ తిడుతుంటాడు.

"అక్కా, అప్పటికే నువ్వు బీఎస్సీ గదా. ఇది నీకు తెలీదా?"

"తెలుసురా."

"మరి నీళ్ల చెంబు అందించింది నువ్వేగా!"

"పుస్తకంలో గాజు బీకరుందిరా. మన దొడ్లో ప్లాస్టిక్ బకెట్టు. రెండూ ఒకటేనని నాకు తట్టలేదు."

వాడు "మళ్లీ చదువమ్మా" అని పిల్లచేత ఆ ముక్కే ఆరుసార్లు చదివించాడు. చదివిన ప్రతిసారీ నావైపే చూశాడు.

సాయంత్రమైనా ఆ చదువు నా చెవుల్లోంచి పోలేదు. మీ పిల్లలు బట్టీ పట్టింది దొడ్లో కనబడితే గుర్తుపడతారా? అడిగి చూసి, కింద రాయండి. నన్ను మాత్రం అడక్కండి. నాకు కెమిస్ట్రీలో ఫస్టు క్లాసు.