జొహురా చాచీ కాలు ఎంత లేస్తుంది

తొఫజ్జల్ దర్జీకి కొలవనిదే ఏదీ నమ్మబుద్ధి కాదు. నిద్రలో కూడా మెడలోంచి టేపు తీయడు. సంతలో ఇలిష్ చేపను కొనే ముందు దానికి మెడ కొలత తీస్తాడు.

"చేపకు మెడెక్కడిది మియా?" అని చేపలవాడు అడిగితే, "అదే చూస్తున్నా" అంటాడు. పెళ్లాం అలిగితే మూతి ఎంత ముందుకొచ్చిందో కొలిచి, "నిన్నటికన్నా అరంగుళం తగ్గింది, ఇక అన్నం పెట్టొచ్చు" అంటాడు.

ఆ ఊళ్లో ఎవరూ ఏదీ కొలవకుండా కట్టింది ఒక్కటే, కాలువ మీది బ్రిడ్జి. వరిచేల మధ్య ఎనిమిదడుగుల ఎత్తున నిలబడి ఉంటుంది. రెండు పక్కలా మట్టి పోసి దారి కలపాలి. మూడేళ్లయినా ఆ మట్టి రాలేదు. జనం వెదురు నిచ్చెనతో ఎక్కి, మరో నిచ్చెనతో దిగుతారు. బ్రిడ్జి వచ్చింది కదా అని పడవవాడు పడవ అమ్మేసి పట్నం పోయాడు.

చిక్కంతా జొహురా చాచీకి వచ్చిపడింది. కూతురు మొర్జినా అవతలి ఊళ్లో ఆడపిల్లను కన్నది. ఒళ్లో పసిబిడ్డతో ఆమె నిచ్చెన ఎక్కి రాలేదు. చాచీ మోకాళ్లు నిచ్చెన మొదటి మెట్టు దగ్గరే మొరాయించాయి. ముగ్గురు కలిసి ఆమెను పైకెత్తబోతే నలుగురూ బురదలో పడ్డారు.

ఒకరోజు బ్రిడ్జి చూడటానికి ఇంజనీరు వచ్చాడని తెలిసి చాచీ కర్ర పట్టుకుని వెళ్లింది.

"దారెప్పుడు పడుతుంది బాబూ?"

"బ్రిడ్జి మా ఆఫీసుది చాచీ. మట్టి వేరే ఆఫీసుది."

"ఆ ఆఫీసెక్కడుంది?"

"ఇంకా కట్టలేదు."

ఇంతలో ఇంజనీరు నడుం చుట్టూ ఏదో బిగుసుకుంది. చూస్తే తొఫజ్జల్ టేపు.

"ఏంటయ్యా ఇది?"

"నలభై ఆరు సార్. పోయినసారి నలభై మూడు. ఈ పనిలో పెరిగింది ఇదొక్కటే."

ఇంజనీరు కిందనే నిలబడి ఫొటో దిగి వెళ్లిపోయాడు. నిచ్చెన ఎక్కడం ఆయనకూ చేతకాలేదు.

మర్నాడు పొద్దున్నే తొఫజ్జల్ చాచీ వాకిట్లో ప్రత్యక్షమయ్యాడు.

"చాచీ, కాలెత్తు."

"ఎందుకురా, తన్నడానికా?"

"తర్వాత తన్నుదువుగాని. నొప్పి పుట్టేదాకా ఎత్తి, అక్కడ ఆపు."

నాలుగంగుళాలు లేచింది. సాయంత్రం మళ్లీ వచ్చి కొలిస్తే మూడున్నర. మర్నాడు అన్నానికి ముందు, అన్నం తిన్నాక. వాన పడుతుండగా ఒకసారి. నాలుగో రోజుకు చాచీకి ఓపిక నశించింది.

"నా కాలికేమన్నా గౌను కుడుతున్నావా? అక్కడ నా మనవరాలు నా మొహం చూడకుండానే పెళ్లీడుకొచ్చేట్టుంది. నీకు ఆటగా ఉందిరా."

"పెళ్లిదాకా పట్టదులే చాచీ," అంటూ అతను సుద్దముక్కతో గోడ మీద మూడు అని రాసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత కొట్టు మూసేశాడు. ఇల్లిల్లూ తిరిగి ఖాళీ గోనెసంచులు అడిగాడు. ఈసారి ఈద్‌కు ఊరందరికీ గోనెబట్టలే కుడతాడని పుకారు పుట్టింది. ఒక చెయ్యి మాత్రమే కుట్టిన చొక్కా వేసుకుని ఒకాయన పంచాయితీ పెట్టడానికి బయల్దేరాడు.

వెతుక్కుంటూ పోతే తొఫజ్జల్ బ్రిడ్జి దగ్గర దొరికాడు. కొడుకులతో కలిసి గట్టులా మట్టి పోసి, దాని మీద మట్టి నింపిన సంచులు పేర్చాడు. ప్రతి సంచి మూతికీ దర్జీ కుట్టు. బ్రిడ్జికి రెండు పక్కలా మెట్లే మెట్లు. అడ్డంగా కొట్టిన వెదుళ్లు వాటిని పట్టుకుని ఉన్నాయి.

చొక్కా మనిషి కోపంగా నాలుగు మెట్లు ఎక్కి తూలాడు. "ఇవేం మెట్లు మియా, ఇంత పొట్టిగా? కాలికి తట్టుకుంటున్నాయి."

"నీ కాలికి కాదు," అన్నాడు తొఫజ్జల్.

ఒక్కో మెట్టు సరిగ్గా మూడంగుళాలు. ఒక్కో పక్క ముప్పై రెండు. చాచీకి సాయంత్రం పూట కూడా మోకాలు నొప్పి పుట్టకుండా అరంగుళం తగ్గించాడు.

కబురందుకుని చాచీ వచ్చింది. ఒక్కో మెట్టూ ఎక్కింది, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. పైకి చేరేసరికి గాలి కొట్టింది. ఇటు తన ఇంటి రేకులు, అటు కూతురి ఇంటి రేకులు, రెండూ ఒకేసారి కనిపించాయి. కొంగు సర్దుకుని బ్రిడ్జి నడిమధ్యన కూర్చుంది.

"దిగు చాచీ, అవతల మొర్జినా చూస్తోంది."

"అరవై ఏళ్లలో ఇంత ఎత్తెక్కలేదురా. పిల్లను ఇక్కడికే తెమ్మను."

మొర్జినా తెచ్చింది. ఆమె వెనకే అవతలి ఊరు, ఇవతల్నుంచి ఈ ఊరు, గడ్డిమోపులు, కోళ్లగంపలు, మేకలు, అన్నీ పైకొచ్చాయి. మూడేళ్లలో మొదటిసారి ఆ బ్రిడ్జి మీద జనం కదల్లేక ఆగిపోయారు. చాచీ మాత్రం జరగనంటే జరగనంది. పిల్ల ఇప్పుడే నిద్రపోయిందట.