కరక్కాయ రంగు పెళ్లి కార్డు

అప్పట్లో మా టేకులపల్లి అడవి పల్లెల్లో పెళ్లికి పిలవడమంటే ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి నోటితో చెప్పడమే. కార్డులు అచ్చు వేయించేది ఉద్యోగాల వాళ్లు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ రోజులు రాలిన ఇప్పపూల వాసనతో, పొద్దుటి పొగమంచులో తేలుతూ వస్తాయి. అంత అందమైన పొగమంచులో నేను మాత్రం రెండు చేతులకూ నల్లరంగు పూసుకుని నిలబడి ఉంటాను. ఎందుకో చెబుతాను.

మా చెల్లికి కల్లూరు సంబంధం కుదిరింది. వాళ్లు కార్డులు కొట్టించే మనుషులు. మనం ఇవ్వకపోతే చిన్నతనమని చెల్లి పట్టు పట్టింది. అచ్చుకు డబ్బు లేదు. ఇంట్లో చదువొచ్చింది దానికొక్కదానికే కాబట్టి తన పెళ్లి కార్డులు తనే రాసుకుంది (పెళ్లికొడుకు పేరు దగ్గరికి రాగానే కలం కింద పెట్టి కాసేపు దూలాల వైపు చూసేది). నాకప్పటికి అక్షరాలు రావు, పిల్లలు పెద్దయ్యాక రాత్రిబడిలో నేర్చుకున్నాను. అందుకని అలంకారం నా వంతుకు వచ్చింది. అంచుల చుట్టూ బంగారు రంగులో తీగ వేస్తానన్నాను. పసుపు అడిగితే, "లగ్గానికి దాచిన పసుపు అది, ముట్టినవంటే చేతులిరుగుతయి" అంది అమ్మ. మూలన బస్తాలో అడవిలో ఏరిన కరక్కాయలున్నాయి, వాటి రసం కూడా పసుపే. కొన్ని దంచి ఇనుప మూకుట్లో ఉడకబెట్టాను. సాయంత్రపు ఎండ ఆవిరిలో పడి ఇల్లంతా కలలో ఉన్నట్టుంది. కోడి ఈకతో తీగలు, ఆకులు, మొగ్గలు వేస్తుంటే తడి మీద తేనెరంగులో మెరిశాయి. నా అంత పనిమంతురాలు జిల్లాలో లేదనుకున్నాను. నేను కాక ఇంకెవరూ అనుకోలేదు.

మొదటి కార్డు మామకు, అంటే అమ్మ అన్నకు. నా పెళ్లిలో తన విస్తరిలో ముక్కలు వెయ్యకుండా పులుసే పోశారని లేచిపోయి, ఈ గడప మళ్లీ తొక్కనన్న మనిషి. కానీ మాలో పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి తేవలసింది మేనమామే. ఆయన రాకపోతే కల్లూరు వాళ్ల ముందు గంప ఎవరు పట్టాలి? అమ్మకు నిద్ర లేనిది అందుకే. రంగు ఆరీ ఆరకముందే ఆ కార్డును చుట్టి, దమ్మపేట వైపు మామ ఊరికి పోయే మనిషి చేతికి, ఎవరింటి నుంచో మాత్రం చెప్పి, ఇచ్చి పంపించాం.

పొద్దున లేచి చూస్తే దండెం మీద ఆరేసిన మిగతా కార్డుల తీగలన్నీ బొగ్గులా ఉన్నాయి. ఇనుము తగిలిన కరక్కాయ రసం ఆరేకొద్దీ నల్లబడుతుందని నాకెవరు చెప్పారు? నల్ల అంచు ఉంటే చావు కార్డు. చదువు రానివాళ్లకు ఆ అంచే అక్షరం. చూడగానే దాన్ని గుమ్మం బయటే చింపేసి, ఏడుస్తూ బయలుదేరుతారు. మామకు చదువు రాదు.

"నీ చేతులల్ల మన్నువడ, చెల్లె లగ్గమా దినమా ఇది?" అని అమ్మ నన్ను తిట్టి తిట్టి అలిసిపోయి, గుమ్మంలో బియ్యం చెరగడానికి కూర్చుంది. అప్పుడు డొంకదారిలో ఏడుపు వినిపించింది. తలకు తువ్వాలు లేదు, కాళ్లకు చెప్పులు లేవు, మామ వస్తున్నాడు.

"ఓ చెల్లే, నన్నిడిసి ఎట్ల పోతివే..."

అమ్మ చేట దించలేదు. "యాడికి పోయిన్నే అన్నా? ఈడ్నే ఉన్న గదా."

మామ ఏడుపు సగంలో ఆగింది. "మరి పోయిందెవరే?"

"ఎవరూ పోలే. చిన్నదాని లగ్గం."

"లగ్గానికి నల్లగీతల కాయితం పంపుతరా? మతి గితి ఉన్నదా మీకు?"

"పసుపు కాయితం పంపితే వస్తుంటివా?" అంది అమ్మ.

మామ అరుగు మీద కూలబడి పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ తర్వాత, "ఈసారన్న ముక్కలేస్తరా, పులుసే పోస్తరా?" అన్నాడు. తలుపు చాటున ఉన్న నన్ను చూసి, దండెం వైపు చెయ్యి చూపాడు. "ఏమే, గీ తీగలు నువ్వేనా ఏసింది?"

"అవ్ మామా."

"మంచిగనే ఏసినవ్. చూస్తే కండ్ల నీళ్లాగలే."

పెళ్లయ్యేదాకా మామ ఇంటికి పోలేదు (పోతే పాత కోపం గుర్తొస్తుందని అమ్మ చెప్పులు కూడా కొనివ్వనివ్వలేదు). ఆ నల్ల కార్డులే పట్టుకుని ఊరూరా తిరిగి, "కాయితాన్ని చూడకుండ్రి, నా మొఖం చూసి రాండ్రి" అని పిలిచొచ్చాడు. పెళ్లినాడు గంప ఎత్తినప్పుడు చెల్లి బరువుకు మూలిగాడే గాని, పక్కవాళ్లను చెయ్యి వెయ్యనివ్వలేదు. విస్తరిలో ముక్కలు నేనే వేశాను, ఆయన చాలనేదాకా.

కిందటేడు మామ కార్డు వచ్చింది. అచ్చు కార్డు, సన్నటి నల్ల అంచు. ఇప్పుడు చదువు వచ్చు గనుక పేరు కూడా చదివాను. చింపాల్సింది, చింపలేదు. సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడవునా ఇప్పచెట్లు వెనక్కి పోతుంటే, మామ గుమ్మంలో కూర్చుని, "యాడికి పోయిన్నే, ఈడ్నే ఉన్న గదా" అంటాడేమోననే అనిపించింది. ఇంత వయసు వచ్చి, అక్షరం నేర్చి కూడా, బస్సు దిగేదాకా ఆ కాగితాన్ని నేను నమ్మలేదు.