అత్త విప్పిన కట్టు

నా ఎడమ కన్ను చిన్నప్పట్నించీ ముక్కువైపు లాగేసి ఉండేది. మెల్లకన్ను పిల్ల ఇంటికి అదృష్టమని మా మేనత్త నమ్మకం. భర్త పోయాక చోడవరంలో మా ఇంటికే వచ్చి, పెత్తనమంతా తన చేతిలోకి తీసుకుంది. నేను పుట్టిన ఏడాది మా చెరుకు బళ్లకు బళ్లు గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్లిందట. అదంతా నా కంటి చలవేనట.

నాకు ఆరేళ్లప్పుడు, అమ్మ పోరు పడలేక నాన్న విశాఖపట్నం తీసుకెళ్లాడు. "మెల్లకంటిని మెదడు వాడుకోవడం మానేస్తుంది," అన్నాడు కంటి డాక్టరు. "రోజూ కొన్ని గంటలు మంచి కంటికి కట్టు కట్టండి. అప్పుడు రెండోది చూడ్డం నేర్చుకుంటుంది. ఆలస్యమైతే ఇంక రాదు."

అమ్మ పొద్దున్నే కట్టు కట్టి పొలానికి వెళ్లేది. ఆమె వీధి మలుపు తిరగ్గానే అత్త విప్పేసేది. "గుమ్మాలకి గుద్దుకుని సస్తావేటే? మెల్ల పోతే ఇంటి అదృష్టం పోతాది," అని చేతిలో బెల్లంముక్క పెట్టేది. అమ్మ వచ్చే వేళకి మళ్లీ కట్టేసేది. కట్టు కింద చెమట, దురద. నేనూ నోరు విప్పలేదు. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. కానీ నాకు ఆరేళ్లు, ఆవిడకి నలభై ఐదు.

పదేళ్లప్పుడు అదే డాక్టరు నా కుడికన్ను మూసి, తన వేళ్లు లెక్కపెట్టమన్నాడు. చెయ్యి మసగ్గా ఉంది, వేళ్లు తెలియలేదు. సరిగ్గా కట్టలేదని అమ్మ మీద కేకలేశాడు. బస్సులో అమ్మకి నిజం చెప్పేశాను. ఆడపడుచుని ఏమీ అనలేక అమ్మ దారంతా ఏడ్చింది. ఇంటికొచ్చాక అత్త, "నాను ముందే సెప్పేను, ఆ కట్టు దండగని," అంది. ఆ మాటకి ఆవిణ్ణి నమిలి మింగేద్దామనిపించింది.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్లకి అత్త కళ్లకి శుక్లాలు ముదిరాయి. ఒక కంటికి ఆపరేషన్ చేసి, కట్టు కదపొద్దన్నారు.

"దురదగా ఉందే, కాస్త విప్పు," అనేది. నేను విప్పలేదు. రోజులకు రోజులు పక్కనే కూర్చుని ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఎంత సేవ చేస్తోందో అని వీధంతా మెచ్చుకుంది. సేవా లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆవిడకి చూపు రావాలి. బాగా రావాలి. నా కన్ను దగ్గరగా చూడాలి.

సోడాబుడ్డి అద్దాలు వచ్చిన రోజు అత్త ముందుగా నా మొహమే చూసింది. "మెల్ల అలాగే ఉందే, నా తల్లి," అని మురిసిపోయింది.

నేను కుడికన్ను అరచేత్తో మూసుకున్నాను. "ఈ కంటికి నీ మొహం తెలీడం లేదత్తా. రోజూ కట్టు విప్పేసేదానివి కదా."

అత్త తల తిప్పుకోబోయింది. గడ్డం పట్టుకుని నావైపే తిప్పాను.

"సూడు," అన్నాను. "ఇప్పుడు నీకు బాగా కనబడతంది కదా."