వదిన తాగిన వేపాకు పొడి

ఏడో తరగతిలో నేను రెండేళ్ళు కూర్చున్నాను. మూడో ఏడు మొదలవగానే సారు మా ఇంటికి వచ్చి, వీడు ఇంకొక్క ఏడు ఉంటే సర్వీసులో నాకంటే సీనియరు అవుతాడు, మాన్పించండి అని మా అమ్మను బతిమాలుకున్నాడు. మాన్పించారు. కాబట్టి ఈ రాతలో తప్పులుంటే ఆ సారును తిట్టుకోండి. చెప్పబోయే తప్పు మాత్రం నాదే. తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. తిన్నది అరుగుతుంది గానీ ఇది అరగడం లేదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పడం కొంచెం సులభంగా ఉంది.

మాది ప్రొద్దుటూరు. నాకు ఒక లగేజీ ఆటో ఉంది. మా అన్న అప్పట్లో కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకోసారి రెండు నెలల లీవు మీద వచ్చేవాడు. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేరని మా అమ్మ వదినను ఆడిపోసుకునేది. ఆరేళ్ళలో మొగుడూ పెళ్ళామూ ఒక కప్పు కింద ఉన్నది ఎన్ని నెలలో లెక్క చూడడానికి ఏడో తరగతి కూడా అక్కర్లేదు. నేను చూశాను. పైకి అనలేదు. అమ్మ తిట్టినప్పుడల్లా ఏదో ఒక కోతి చేష్ట చేసి వదినను నవ్వించేవాణ్ణి. వదినా మరుదుల వేళాకోళం మా ఇళ్ళలో తప్పు కాదు. ఆమె నాకు ఉప్పు లేని పప్పు వడ్డించేది, నేను ఆమె చెప్పులు మిద్దె మీద దాచేవాణ్ణి. మందు సంగతి కూడా అట్లాగే మొదలైంది. అట్లాగే మొదలైందని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

లింగాల దాటాక ఒక పల్లెలో, పిల్లలు లేనివాళ్ళకు వేరు మందు ఇచ్చే తాత ఉన్నాడని ఎవరో చెప్పారు. అన్న లీవుకు వచ్చిన వారంలోనే అమ్మ నన్ను అక్కడికి పంపింది. ఇటుక రంగు పొడి, కాగితం పొట్లంలో కట్టి ఇచ్చాడు. ఇరవై ఒక్క రోజులు పరగడుపున మేకపాలలో కలుపుకుని తాగాలి. ఒకటే కట్టడి. మందులో ఏముందో అడగకూడదు. రుచిని బట్టి తెలిసినా సరే, ఆ చెట్టు పేరు నోట పలకకూడదు. పలికితే గుణం పోతుంది.

తిరిగి వచ్చే దారిలోనే నాకు ఆ బుద్ధి పుట్టింది. బియ్యానికి పురుగు పట్టకుండా అమ్మ ఎండబెట్టి ఉంచిన వేపాకు ఇంట్లో ఉంది. దాన్ని నలిపి, గుడ్డలో జల్లించి, తాత కాగితంలోనే కట్టి వదినకు ఇచ్చాను. అసలు పొడిని వేరే పొట్లం కట్టి ఆటో సీటు కింద పెట్టాను. మొదటి గుటకకే వదిన వేపాకని కనిపెడుతుంది, చీపురు తీసుకుని నా వెంట పడుతుంది, అందరం నవ్వుకుంటాం, అసలు పొట్లం ఇచ్చేస్తాను. ఐదు నిమిషాల ఆట.

ఆమె కనిపెట్టింది. గుటక పడగానే ముఖం ముడుచుకుపోయింది.

"ఏమప్పా, ఇది..." అని ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంది వదినా?"

"పేరు పలకకూడదంటివి గదా."

నవ్వి చెప్పేయాల్సింది అప్పుడే. నేనేమన్నానో చూడండి.

"పలకొద్దు వదినా. పలికితే మళ్ళా మొదట్నుంచి తాగల్లంట."

"శానా చేదుగా ఉందప్పా. రోంత తేనె అన్నా కలుపుకుందునా?"

"తేనె కలిపితే ఆడబిడ్డ పుడుతాదంట."

"నాకు ఆడబిడ్డయినా శాలు. మీయమ్మకు మగోడు కావల్ల గదా."

కళ్ళు మూసుకుని గ్లాసు మొత్తం ఎత్తేసింది. ఆ రోజు టీ అంగడి దగ్గర నేను ఆమె ముఖం పెట్టి చూపిస్తే స్నేహితులు పొట్ట పట్టుకుని నవ్వారు. మళ్ళీ చెయ్యమన్నారు. చేశాను.

మూడో రోజు అమ్మ అన్నతో అంటుంటే విన్నాను. ఇదే ఆఖరు మందు, ఈ లీవులో కడుపు నిలవకపోతే దీన్ని పుట్టింటికి పంపి వేరే పిల్లను చూస్తానంది. అన్న సెల్‌ఫోను చూసుకుంటూ ఊ అన్నాడు.

ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. చెప్పి ఉండొచ్చు. పోనీ, చెప్పకుండా పొట్లమైనా మార్చి ఉండొచ్చు. కానీ ఆకుపచ్చ పొడి ఉన్నట్టుండి ఇటుక రంగుకు తిరిగితే అడుగుతారు, అడిగితే నా ఆట బయటపడుతుంది, అన్న చెంప మీద ఒకటి ఇస్తాడు, అమ్మ నాలుగు తిడుతుంది. అంతకంటే ఏమీ కాదు. ఒకవైపు ఆమె కాపురం, ఒకవైపు నా చెంప. నేను చెంపను కాచుకున్నాను.

ఇరవై ఒక్క రోజులూ మేకపాలు తెచ్చింది నేనే. ఎందుకు తెచ్చాను? మంచివాడిలా కనబడాలనా? ఆ ముఖం ఇంకోసారి చూడాలనా? రెండోదే. పదో రోజుకు ఆమె ముఖం ముడవడం మానేసింది. నాకు విసుగు పుట్టింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

అన్న కువైట్ వెళ్ళిన రెండో వారంలో వదిన ముట్టయింది. అమ్మ ఆమె పెట్టె తెచ్చి వాకిట్లో పెట్టింది. బస్టాండుకు తీసుకుపోయింది నేనే, ఆ ఆటోలోనే, సీటు కింద ఆ పొట్లం ఉండగానే. దిగేటప్పుడు ఆమె నాకొక పని చెప్పింది. మందు మంచిదేనని, తన కడుపే మంచిది కాదని ఆ తాతకు చెప్పమంది. సరే వదినా అన్నాను. ఆ వారం ఎర్రగుంట్ల బాడుగకు పోతూ పొట్లాన్ని పెన్న వంతెన మీది నుంచి విసిరేశాను. ఆ నెలలోనే టీ అంగడి దగ్గర ఎవరో అడిగితే ఆమె ముఖం మళ్ళీ పెట్టి చూపించాను. బాగానే నవ్వారు.

ఆ తర్వాతి లీవులో అన్నకు ఇంకో పెళ్ళి చేశారు. అన్న మళ్ళీ కువైట్ పోలేదు, ఊళ్ళోనే చెప్పుల అంగడి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. చిన్నాయనా అంటూ నా భుజాలెక్కుతారు. వాళ్ళు పుట్టకుండా ఉంటే బాగుండేదని అనుకోలేను. వాళ్ళను ఎత్తుకున్నప్పుడు వదిన గుర్తుకు రాకుండానూ ఉండదు.

తాత పొడి కూడా ఉత్త ఇటుకపొడేనేమో అని కొన్నాళ్ళు ఊరడించుకున్నాను. రెండు నెలల కాపురానికి ఏ వేరు మాత్రం ఏం చేస్తుంది అనుకున్నాను. తర్వాత ఒకసారి జమ్మలమడుగులో మూలికల అంగడికి మూటలు దించుతూ, ఊరికే అడిగినట్టు వేపాకు గుణం అడిగాను. పొట్టలో పురుగులకు మంచిదని, బిడ్డలు కావాలనుకునే ఆడవాళ్ళకు మాత్రం ఇవ్వకూడదని, కడుపు నిలవనివ్వదని పెద్దలంటారని ఆ అంగడాయన చెప్పాడు. నిజమో కాదో నాకు తెలియదు. ఆయనకూ తెలియదేమో. మందు ఇవ్వకపోవడం ఒకటి. ఇరవై ఒక్క రోజులు నేను ఇచ్చింది ఏంది?

పేరు లేకుండా రాస్తున్నాను. అంటే ఇంకా భయమేనా? భయమే. ఎవరూ క్షమించాల్సిన పని లేదు. అయినా ఇన్నాళ్ళూ లోపల కూర్చున్నది కాగితం మీద పడేసరికి ఊపిరి కొంచెం కిందిదాకా పోతోంది. అంతవరకే.

ఇంకొకటి మిగిలింది. పోయిన నెల పులివెందుల దగ్గర అరటికాయల షెడ్డుకు లోడు కోసం పోతే అక్కడ వదిన ఉంది. గెలల నుంచి కోసిన కాయలను తొట్టి నీళ్ళలో కడుగుతోంది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదట. బాగుండావా అప్పా అని పలకరించింది. నిలబడిన చోటనే మొత్తం చెప్పేశాను. ఆమె చేతులు నీళ్ళలో ఆగాయి, మళ్ళీ కదిలాయి. తిట్టు వదినా అన్నాను. తిట్టలేదు. ఇంట్లో ఎవరికైనా చెప్పావా అని అడిగింది. లేదన్నాను. కడిగిన కాయలను పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, నన్ను చూసింది.

"నన్ను గొడ్రాలన్నోళ్ళంతా ప్రొద్దుటూర్లో ఉంటే, నువ్వు పులివెందులకొచ్చి నాకు చెప్తాండావేందప్పా?"