మామయ్య, పద్నాలుగు బిస్కెట్ డబ్బాలు

మా మామయ్య కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, పాత మెమరీ పారేయలేడు.

మెమరీ అంటే కంప్యూటర్ లోపల గుచ్చే పలక, దువ్వెనంత ఉంటుంది. పాతది కొత్త కంప్యూటర్లలో పట్టదు. ఎవరికీ అక్కర్లేదు కూడా. మామయ్య మాత్రం దాని అంచుని పెన్సిల్ రబ్బరుతో శ్రద్ధగా తుడిచి, కాగితంలో చుట్టి, బిస్కెట్ డబ్బాలో దాచేస్తాడు. అడిగితే "పనికొస్తుందమ్మా" అంటాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే మాట. అలా డబ్బాలు పద్నాలుగయ్యాయి. వాటిలో బిస్కెట్లన్నీ ఆయనొక్కడే తిన్నాడు.

పంచుకోడానికి ఇంకెవరూ లేరు మరి. ముందుగదిలో కొట్టు, వెనకగదిలో కాపురం. కాపురమంటే ఒక మంచం, ఒక స్టవ్వు, ఒకే ఒక్క కంచం. నేను ప్రతి ఆదివారం ఫోన్ చేస్తే అవతల రబ్బరు రుద్దుతున్న చప్పుడు వినిపించేది.

"ఈ వారం ఎవరైనా వచ్చారా మామయ్యా?"

"ఎందుకొస్తారు? అందరి మిషన్లూ బాగానే నడుస్తున్నాయి" అనేవాడు గర్వంగా. మళ్లీ తనే, "మంగళవారం ఒకావిడ వచ్చింది. అడ్రస్ అడగడానికి."

నాకు నవ్వొచ్చేది. ఫోన్ పెట్టేశాక మాత్రం దిగులేసేది.

ఒకసారి కొట్లోకి వాననీళ్లొస్తే డబ్బాలన్నీ మంచమెక్కించి, దుప్పటి కప్పి, తను కుర్చీలో తడుస్తూ కూర్చున్నాడు. డబ్బాలకేం కాలేదు. ఈయనకి వారం రోజులు జ్వరం.

ఇంతలో ఆ కొట్టు ఖాళీ చేయాల్సొచ్చింది. దొరికింది చిన్న గది. అందులో మంచమైనా పడుతుంది, డబ్బాలైనా పడతాయి. సర్దడానికి నేను వెళ్లాను.

"మంచమా, డబ్బాలా?"

"అడగాలా? కుర్చీలో నాకు హాయిగా నిద్ర పడుతుంది."

నాకు ఒళ్లు మండింది. ఈ వయసులో రోజూ కుర్చీలో పడుకుంటే నడుం ఏమైపోవాలి! ఆయన స్నానానికెళ్లిన సందు చూసి పాత సామాన్లవాణ్ణి పిలిచాను. అతను ఓ డబ్బా మూత తీసి, ఒక పొట్లం నా చేతికిచ్చాడు. దాని మీద మామయ్య రాత.

"ఎంబ్రాయిడరీ అక్క. ఈ రకం తప్ప పట్టదు. ఇంకా మూడున్నాయి."

ఇంకో డబ్బా తీశాను. "కళ్లజోళ్లాయన. అద్దాలు అరగదీసే మిషను. తయారీ ఆగిపోయింది, జాగ్రత్త." అన్ని డబ్బాలూ అంతే, ఒక్కో డబ్బా ఒక్కో మనిషిది.

తల తుడుచుకుంటూ వచ్చిన మామయ్య దొరికిపోయిన దొంగలా నిలబడ్డాడు.

"కొత్త కంప్యూటర్ పెడితే ఆ ఎంబ్రాయిడరీ మిషను దాని మాట వినదమ్మా. మొత్తం మార్చుకోవాలి. ఆవిడ వల్ల ఎక్కడవుతుంది? అందుకే మెమరీ పాడవకముందే వెళ్లి మార్చేసి వస్తా."

"వాళ్లకి తెలుసా?"

"దుమ్ము దులిపానని చెబుతా."

మిషన్లు ఆగనివ్వడు కాబట్టి ఎవరూ ఈ గుమ్మం తొక్కరు. ఆ ఒంటరితనం ఆయన చేతులారా తెచ్చుకున్నదే. సామాన్లవాణ్ణి ఉత్తచేతులతో పంపడం బాగోదని ఆ కుర్చీ ఇచ్చేశాను.

డబ్బాలన్నీ బండిలో వేసుకుని, మామయ్య వద్దంటున్నా వినకుండా ఆయన్నీ ఎక్కించుకుని, ఎవరివి వాళ్లింటికి చేర్చాను. ఎంబ్రాయిడరీ అక్క పొట్లం మీది రాత రెండుసార్లు చదువుకుంది.

"ఇన్నాళ్లూ దుమ్మే అనుకున్నాను. ఒక్కమాట చెప్పొద్దా అన్నయ్యా!" అని కోప్పడి, డబ్బాని దారాల పక్కన పెట్టుకుంది. "మరి దీన్నేం చెయ్యాలి?"

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "వారం వారం తుడవాలమ్మా. నువ్వు శ్రమపడకు, నేనే వస్తా."

శుద్ధ అబద్ధం. పొట్లంలో ఉన్నదాన్ని ఏడాదికోసారి తుడిస్తే ఎక్కువ.

"రండి. టీ పెడతాను" అంది ఆవిడ.

మిగతా పదమూడిళ్లలోనూ అదే అబద్ధం ఆడాడు.

ఇప్పుడు మామయ్య మంచం మీదే పడుకుంటున్నాడు. ఆదివారం ఫోన్ చేస్తే ఒక పట్టాన ఎత్తడు. మొన్న ఎత్తాడు. వెనకాల కప్పుల చప్పుడు, ఎవరిదో నవ్వు.

"వారం వారం రుద్దితే అంచు మీది బంగారు పూత కాస్తా అరిగిపోతుంది మామయ్యా!"

ఆయన గొంతు తగ్గించాడు. "అరగదమ్మా. రబ్బరు తాకించట్లేదు."