జపాన్ బొమ్మ కూడా కదల్లేదు

మా అన్నయ్య గొలుగొండలో లెక్కల మాస్టారు. కాపురం నర్సీపట్నంలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల. అతని ముందుగదిలో అద్దాల బీరువా నిండా ఒకే రకం బొమ్మ ఉండేది. మడిస్తే లారీ, విప్పితే రోబో. మొదటిది మా చిన్నప్పుడు ఓడలో పనిచేసే మావయ్య జపాన్ నుంచి తెచ్చాడు. మిగతావన్నీ అన్నయ్య ఉద్యోగంలో చేరాక ఆన్‌లైన్లో వెతికి వెతికి తెప్పించుకున్నవి.

తెలియనివాళ్లకు అన్నీ ఒకలాగే ఉంటాయి. జపాన్‌ది నీలం, కాళ్లు ఇనుపవి, చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసేది. ఇటలీలో అమ్మినది ఎరుపు. మెక్సికోదానికి ఛాతీ మీద స్టిక్కరు వేరు. మన దేశంలో తయారైనది ఆకుపచ్చ, పూర్తిగా ప్లాస్టిక్. ముఖం మీద కళ్లూ ముక్కూ సరిగా తేలలేదు.

"అచ్చు ఒకటేరా. దేశాలు తిరిగి మన దగ్గరకొచ్చేసరికి అరిగిపోనాది" అనేవాడు.

ఆదివారాలు వాటిని తుడిచి, ఒక్కొక్కటే విప్పి, మళ్లీ మడిచేవాడు. నేను పక్కన కూర్చుని టీ తాగేవాణ్ని.

ఒక ఆదివారం ఆకుపచ్చదాని కాలు వెనక్కి తిరగలేదు. "మనోళ్ల బొమ్మ ఎప్పుడూ బిగుతే" అని కుట్టుమిషన్ నూనె చుక్క వేశాడు. మరుసటి వారమూ అంతే. నేను తీసుకుని తిప్పితే తేలిగ్గానే తిరిగింది. నూనె ఇప్పటికి పట్టిందన్నాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు జపాన్ బొమ్మ తీశాడు. అది వేలు తగిలితే చాలు, మడుచుకునేది. బొటనవేలితో నొక్కాడు. కదల్లేదు. ఎడమచేత్తో కుడి బొటనవేలిని పట్టుకుని నొక్కించాడు. అయినా కదల్లేదు. బొమ్మను ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇది బొమ్మ తప్పు కాదురా" అన్నాడు.

"నిద్ర సరిగా లేదేమో అన్నయ్యా."

"బళ్లో సుద్దముక్క కూడా జారిపోతంది. మీ వదినకి సెప్పలేదు. నువ్వూ సెప్పకు."

నేను ఆ సాయంత్రమే చెప్పాను. విశాఖ తీసుకెళ్లాం. కండరాలు ఒక్కొక్కటే పని మానేసే జబ్బనీ, నయం చేసే మందు లేదనీ డాక్టరు చెప్పారు. తిరిగి వస్తూ అడ్డరోడ్డు దగ్గర టీకి ఆగాం. గ్లాసు పట్టుకునే సత్తువ అన్నయ్యకి అప్పటికింకా ఉంది. అయినా వదినే పట్టుకుని తాగించింది. అతను వద్దనలేదు.

ఏడాది తిరగకుండా కాళ్లూ పడిపోయాయి. ఆదివారాలు బొమ్మలు నేను తిప్పుతుంటే మంచం మీద నుంచి చెప్పేవాడు. "ముందు తల లోపలికి తొయ్యి. ఇప్పుడు కాళ్లు. బేగి బేగి తిప్పకు."

తర్వాత మాట ముద్దయింది. వదినకొక్కదానికే అర్థమయ్యేది. ఇంకొన్నాళ్లకు ఆమెకీ అర్థం కాలేదు. నేను తప్పుగా తిప్పితే కళ్లు మూసుకునేవాడు. అది బొమ్మ గురించో, ఇంక చాలు వెళ్లమనో నాకు తెలిసేది కాదు. తిప్పుతూనే ఉండేవాణ్ని.

నిరుడు చలికాలంలో ఊపిరి అందక చనిపోయాడు.

పెదకర్మ అయ్యాక వదిన కబురు పెట్టింది. వెళ్లేసరికి బీరువా ముందు అట్టపెట్టెతో కూర్చుని ఉంది.

"ఇవి కళ్ల ముందుంటే ఉండలేకపోతన్నాను బాబూ. ఏటి సేద్దాం?"

"అమ్మొద్దు వదినా. అటక మీద పెడదాం."

పెట్టెలో పట్టాలని ఇద్దరం వాటిని లారీలుగా మడవడం మొదలుపెట్టాం. మెక్సికోదాని దగ్గర ఆగిపోయాం. భుజం ఎటు తిప్పాలో ఇద్దరికీ గుర్తు రాలేదు. అటూ ఇటూ తిప్పి చూశాను. వదిన తీసుకుని తనూ చూసింది.

"ఒగ్గెయ్ బాబూ, అలాగే పెట్టెయ్" అంది.

దాన్ని రోబోగానే పెట్టాను. మూత పడలేదు. పాత తువ్వాలు కప్పి అటకెక్కించాం. టీ పెడతానంది వదిన. వద్దని వచ్చేశాను.

ఆదివారాలు ఇప్పటికీ వెళ్తాను. వదిన ఇచ్చిన టీ తాగి వస్తాను.