వంకర ఓర్చని తెలెస్ఫోర్ మావయ్య

మా తెలెస్ఫోర్ మావయ్య వంకరగా ఉన్నదేదీ చూస్తూ ఊరుకోలేడు. రోజూ తెల్లవారుజామునే చర్చిలో పూజకు బయలుదేరేవాడు. దారిలో గడపగడపకూ ఆగి, పాలవాడు పెట్టి వెళ్లిన సీసాలను వంగి వంగి ఒక్క వరుసలో సర్దేవాడు. అది పూర్తయితేగాని ఆయనకు ప్రార్థన మీద మనసు నిలిచేది కాదు.

మసాచుసెట్స్‌లోని ఒక మిల్లు ఊళ్లో, ఫ్రెంచి మాట్లాడే మా పేటలో, యాభైల నాటి సంగతి ఇది. ఆయన మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు. మాకు చుట్టం కాదు గానీ, పేట పిల్లలందరికీ మావయ్యే.

నిన్నటి సీసా ఇవాళ కూడా గడప దగ్గరే ఉంటే తలుపు తట్టేవాడు. ఒకసారి అలా తట్టి, రోబిదూ ముసలమ్మ జ్వరంతో పడి ఉండటం చూసి, పొయ్యి వెలిగించి, బఠానీల సూప్ కాచి తాగించాడు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటే, “అబ్బే, మీ సీసా పక్కకి జరిగిందని చెప్పిపోదామని వచ్చానంతే” అన్నాడట.

చర్చిలోనూ ఇదే వరస. సత్ప్రసాదం అందుకోవడానికి వరుసలో నిలబడ్డవాళ్ల చెవిలో, “అమ్మా, అరడుగు ఎడమకి” అని గొణిగేవాడు. ఫాదర్ గోతియే ఒకనాడు కోప్పడ్డారు.

“తెలెస్ఫోర్! వాళ్లు వచ్చింది ప్రసాదానికయ్యా, కవాతుకి కాదు!”

“దేవుడు చూసేది పైనుంచి కదా ఫాదర్. పైనుంచి వంకర ఇంకా బాగా కనిపిస్తుంది.”

ఇలాంటి మనిషి చేతికి చర్చివారు మా పేట పిల్లల డ్రమ్ముల, బ్యూగిల్ బాకాల దళాన్ని అప్పగించారు. దళమంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. సైన్యం వదిలేసిన బ్యూగిళ్లు, ఎవరో వాడి పారేసిన యూనిఫాంలు, చెవుల మీదికి జారే టోపీలు. మేము ఊదితే పావురాలు ఎగిరిపోయేవి. కవాతు పోటీకి వెళ్లిన ప్రతిసారీ మేమే ఆఖరు. మావయ్యకు ఆ దిగులే లేదు.

“పాట చెడితే గాలి తీసుకుపోతుందిరా. వరుస చెడితే లోకమంతా చూస్తుంది!”

మా ఇంట్లో నాకంటే బాగా బ్యూగిల్ ఊదేది నా చెల్లెలు ఆగత్. పోలియో వచ్చి దాని ఎడమ కాలికి ఇనుప పట్టీ పడింది. దళంలో నడవాలని దానికి ప్రాణం. ఒకసారి చర్చి స్త్రీల సంఘంవాళ్లు వచ్చి, ఊరేగింపులో పూలు కట్టిన కారులో కూర్చోబెడతామన్నారు.

“నేనేమన్నా పెళ్లి కేకునా ఊరేగించడానికి?” అని లోపలికి వెళ్లిపోయింది. జాలి వాసన తగిలితే చాలు, మా ఆగత్ ముఖం గంటు పెట్టుకునేది. కానీ వరుసంటే ప్రాణమిచ్చే మావయ్యను, కాలీడ్చే పిల్లను పెట్టుకోమని అడిగే ధైర్యం ఎవరికుంది?

ఒక వేసవిలో పోటీ దగ్గరపడ్డాక, ముందు వరుసలో కుడి చివర నిలబడే ఒవిలా నేవీలో చేరి వెళ్లిపోయాడు. ఆ చివర ఉండేవాణ్ణి గైడ్ అంటాం. అందరూ ఓరకంట గైడ్‌నే చూస్తూ నడవాలి. గైడ్ ఆగితే మనం ముందుకెళ్లినట్టు, గైడ్ కదిలితే మనం వెనకబడ్డట్టు. గైడ్ తప్పు చేయడమంటూ మా లెక్కలో లేనేలేదు.

ఆ సాయంత్రం మావయ్య మా ఇంటికొచ్చాడు. తలుపు దగ్గర చిందరవందరగా ఉన్న మా బూట్లు చూసి ఆయన చేతులు ఊరుకుంటాయా? ఆగత్ విప్పి పెట్టిన పట్టీ బూటును కుడి చివర పెట్టి, మిగతావన్నీ దాన్ని చూసి సర్దాడు. ఆ తర్వాత ఆగత్ వైపు తిరిగి గద్దించాడు.

“ఏమే, ప్రాక్టీసుకి రావేం?”

“నేను నీ దళంలో లేను కదా మావయ్యా!”

“కుడి చివర ఖాళీగా ఉంది. గురువారం ఆలస్యం చేశావంటే ఊరుకోను.”

అమ్మ గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరినుంచి వచ్చింది. “అదేంటన్నయ్యా, అది కాలు ఈడుస్తుంది. నీ వరుస పాడైపోదూ?”

“గైడ్ కాలు ఈడవదు చెల్లెమ్మా. గైడ్ వేసిందే అడుగు. నేర్చుకోవాల్సింది తక్కిన వెధవాయిలు.”

ఆగత్ కళ్లు చిన్నవి చేసింది. “జాలిపడి పిలుస్తున్నావా?”

“జాలా? వంకర వరుస చూస్తే నాకు తిండి సయించదు. నాకెక్కడిదే జాలి!”

గురువారం అందరికంటే ఎక్కువ తిట్లు దానికే పడ్డాయి. మోచెయ్యి దిగిందని, టోపీ ఒరిగిందని, గడ్డం వాలిందని. ఇంటికొచ్చి, “అమ్మా, నన్ను ఒవిలా కంటే ఎక్కువ తిట్టాడే!” అని మురిసిపోయింది. మేమంతా దాని నడక నేర్చుకున్నాం, ఒక అడుగు బారుగా, ఒక అడుగు కురచగా. చివరికి ఆదివారం పూజకు కూడా అలాగే నడిచి వస్తుంటే ఫాదర్ గోతియే హడలిపోయి, “పిల్లల కాళ్లకేమైంది?” అని అమ్మనడిగారు.

పోటీనాడు నడక పెద్ద వీధిలో. న్యాయనిర్ణేత మోకాలి మీద కూర్చుని, ఒక కన్ను మూసి, పెన్సిలు పైకెత్తి మా వరుస వెంట చూశాడు. కన్ను తుడుచుకుని మళ్లీ చూశాడు. పెన్సిలు అలాగే ఆగిపోయింది. అన్ని టోపీలూ ఒక్కసారే ఒరుగుతున్నాయి, ఒక్కసారే లేస్తున్నాయి. బ్యూగిళ్లు ఎప్పటిలాగే అపస్వరాలు పోయాయి. ఆఖరి స్థానం మాది మాకే దక్కింది. వరుసకు మాత్రం ఒక్క తప్పు పడలేదు.

అయితే న్యాయనిర్ణేతను దాటాక, వీధికి రెండు వైపులా జనం చప్పట్లు కొట్టేసరికి ఆగత్‌కు ఊపొచ్చింది. అడుగు పెంచింది. దానితోపాటు మేమూ పెంచాం. డ్రమ్ములవాళ్లు బిత్తరపోయి మా వెనకే ఉరికారు. పక్కనే నడుస్తున్న మావయ్య రొప్పుతూ దాని దగ్గరికి చేరాడు. ఆయన టోపీ పక్కకు ఒరిగిపోయింది, ఆ సంగతి ఆయనకే తెలియదు.

“ఆగత్ తల్లీ, నాకో సాయం చేసిపెట్టవే,” అన్నాడు గుండె పట్టుకుని, “కాస్త నెమ్మదిగా నడు. నిన్ను అందుకోలేక చస్తున్నాను.”